కెమెరాకి చూపించిన సంచీ

మా గేటు స్తంభం మీదున్న కెమెరా ఉత్త బొమ్మ అని ముగ్గురికే తెలుసు. నాన్నకి, అమ్మకి, నాకు. వీధి వీధంతా దాన్ని నిజమనుకుంది. అలా అనుకోవాలనే నాన్న దాన్ని పెట్టాడు.

పక్క వీధిలో వరసగా రెండిళ్ళల్లో దొంగలు పడ్డాక మావాళ్ళకి మెలకువ వచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టుందని అమ్మ ఎత్తిపొడిచింది గానీ, నిజానికి మా కుక్కలు కాస్త ముందుగానే మొరిగాయి. మా వరండాలోనే కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. నాన్న వీధి సంఘానికి కార్యదర్శి. బజారులో కళ్ళజోళ్ళ షాపు ఆయనది. రోజంతా మనుషుల్ని కూర్చోబెట్టి గోడ మీద అక్షరాలు చదివించే మనిషి కదా, ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు, గొంతు దానంతటదే లేస్తుంది. ఊరెళ్తే పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళాలన్నాడు. గుమ్మం ముందు పేపర్లు పోగుపడనివ్వొద్దన్నాడు. పూలకుండీ కింద తాళంచెవి పెట్టే తెలివి దొంగలకి మనకంటే ముందే వచ్చిందన్నాడు. పక్క తలుపులకి గొళ్ళెం ఒక్కటే చాలదు, లోపల అడ్డగడియ కూడా వేసుకోవాలన్నాడు. అన్నీ మంచి మాటలే. అక్కడితో ఆగి ఉంటే ఇంత జరిగేది కాదు. ఇంతలో ఎవరో కెమెరా మాటెత్తారు. ఆ సంగతి నాకు వదిలేయండని నాన్న అనేశాడు.

అసలు కెమెరా అంటే తీగలు లాగాలి, గోడలకి చిల్లులు పెట్టాలి, పడిన బొమ్మలు దాచుకునే పెట్టె ఒకటి ఎవరింట్లోనో పెట్టాలి. అది ఎవరిల్లో తేలేలోపు మా సంఘం రెండు ముఠాలవుతుంది. అందుకని నాన్న ప్లాస్టిక్‌ది పట్టుకొచ్చాడు. లోపల రెండు పెన్సిలు బ్యాటరీలు, ముందు మిణుక్కుమనే ఎర్రదీపం, అంతే.

"చేలో బెదురుబొమ్మకి ప్రాణం ఉంటుందా? పిట్టలు రాకుండా ఉండట్లేదా?" అన్నాడు స్టూలెక్కి స్క్రూలు బిగిస్తూ.

"దొంగ భయపడితే భయపడతాడు. దాన్ని నమ్ముకున్నవాళ్ళ సంగతేంటి?" అంది అమ్మ కింద స్టూలు పట్టుకుని.

నాన్న నోట్లో స్క్రూలున్నాయి. జవాబు చెప్పకపోవడానికి అదో సాకు.

కెమెరా మహిమ కొన్నాళ్ళు బాగానే నడిచింది. మా ప్రహరీ గోడని మూత్రశాలగా వాడుకునే ఒక పెద్దమనిషి రూటు మార్చుకున్నాడు. చెత్త సంచీని చీకటి చాటున ఖాళీ స్థలంలోకి విసిరేవాళ్ళు బుద్ధిగా తొట్టిదాకా నడవడం మొదలుపెట్టారు. ఎదురింటి పంతులమ్మ గారు రోజూ గుమ్మంలోంచి దానికేసి చూసి, "నీ కన్ను చల్లగుండా" అని నవ్వేవారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. రిటైరై ఒక్కరే ఉంటున్నారు. ఇలా అందరూ దాన్ని గౌరవించారు. కానీ వాషర్ గౌరవించినంతగా ఎవరూ గౌరవించలేదు.

వాషర్ అంటే మా వీధి కుళాయిల మేస్త్రీ. కుళాయి కారినా, పైపు పగిలినా, ట్యాంకు పొంగినా, కాసేపు తల వంచి చూసి, "ఏం లేదండీ, చిన్న వాషర్ పోయింది" అంటాడు. ఒకసారి మా స్నానాలగదిలో పైపు చీలి నీళ్ళు హాల్లోకి వచ్చినప్పుడు కూడా అదే మాటన్నాడు. అప్పటి నుంచి అందరికీ వాషరే. పిలిస్తే పలుకుతాడు కూడా.

కెమెరా పెట్టాక అతనికో అలవాటు పట్టుకుంది. వీధిలో ఏ ఇంట్లో పని చేసినా, వెళ్ళిపోయేముందు మా గేటు దగ్గర సైకిలు ఆపేవాడు. కాన్వాసు సంచీ కింద పెట్టి, దాని మూతి విప్పి, ఎర్రదీపం వైపు తిప్పేవాడు. రెంచి తీసి పైకెత్తి చూపించేవాడు. కటింగు ప్లయరు చూపించేవాడు. తెల్ల టేపు చుట్ట, వాషర్ల డబ్బా, మరేదైనా ఉంటే అదీ చూపించి, ఖాళీ సంచీని తిరగేసి దులిపేవాడు. అంతా మళ్ళీ సర్దుకుని, కెమెరాకి చిన్నగా తలూపి వెళ్ళిపోయేవాడు.

నా చదువుబల్ల వీధివైపు కిటికీ పక్కనే. పరదా సందులోంచి చూస్తే అతను సరిగ్గా నాకే చూపిస్తున్నట్టు ఉండేది. మొదటిసారి చూసి నవ్వాపుకోలేక అమ్మని పిలిచాను. అమ్మ కూడా నవ్వింది. ఇక నాన్న అయితే భోజనాల దగ్గర గరిటె పైకెత్తి గోడ గడియారానికి చూపిస్తూ, "ఇది నా గరిటే సార్, కావాలంటే చూస్కోండి" అనేవాడు. నవ్వి నవ్వి నాకు పొరబోయేది. ఆ మనిషి అలా ఎందుకు చేస్తున్నాడో ఒక్క పూట కూడా మేం ఆలోచించలేదు. పది ఇళ్ళ లోపలి గదుల్లోకి వెళ్ళి వచ్చేవాడికి, ఏదైనా పోతే తన పేరే ముందు వస్తుందని తెలుసు. నాన్న మీటింగులో చెప్పిన జాగ్రత్తలన్నీ మా ఇళ్ళ కోసం. అతని జాగ్రత్త అతను పడుతున్నాడు.

పంతులమ్మ గారింట్లో దొంగతనం పట్టపగలే జరిగింది. పొద్దున వాషర్ వచ్చి వంటగదిలో సింకు కుళాయి మార్చి వెళ్ళాడు. తర్వాత ఆవిడ మోకాలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళారు. సాయంత్రం వచ్చి బీరువా తీస్తే నగల పెట్టె లేదు. కాస్త పెద్ద పెట్టె, రేకుది, మీద తామరపువ్వు. వాళ్ళమ్మ నుంచి వచ్చినవి, పోయిన వాళ్ళాయన చేయించినవి అన్నీ అందులోనే ఉన్నాయి. ఆవిడ ఏడవలేదు. వంటగదికీ బీరువాకీ మధ్య ఉన్న గుమ్మంలో కూలబడి, ఎవరేం అడిగినా చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. వీధి తాళం పగల్లేదు. తలుపులన్నీ వేసే వెళ్ళాననే చెప్పారు. అయితే లోపలికి వచ్చినవాడే తీశాడని మా వీధి తేల్చేసింది. లోపలికి వచ్చింది ఎవరు? వాషర్. పెట్టె పట్టేంత సంచీ ఎవరికుంది? వాషర్‌కి.

అందరూ కలిసి మా ఇంటి మీదికి వచ్చారు, కెమెరాలో చూద్దామని. గుమ్మడికాయల దొంగ అంటే నాన్న భుజాలు తడుముకున్నాడు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల ఆ వేళ ఏదీ రికార్డు కాలేదని చెప్పాడు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధాన్ని కాపలా పెట్టాడు. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. ఆ పొద్దున నేను చూశాను.

పరీక్షల సెలవుల్లో ఉన్నాను కదా, కిటికీ దగ్గరే ఉన్నాను. అతను గేటు దగ్గర ఆగాడు. రెంచి చూపించాడు, ప్లయరు చూపించాడు. పంతులమ్మ గారి సింకు నుంచి తీసిన పాత ఇత్తడి కుళాయిని తువ్వాలుతో తుడిచి మరీ పైకెత్తి చూపించాడు, ఇది ఆవిడ ఇచ్చేసిందే అన్నట్టు. సంచీ తిరగేసి దులిపాడు. అందులో ఏ పెట్టే లేదు. నేను నవ్వుకున్నాను కూడా.

ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వాషర్ తనంతట తనే వచ్చాడు. వరండాలో సంఘంవాళ్ళు అరడజను మంది ఉన్నారు. అతని ముఖంలో భయం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏదో మరచిపోయిన వస్తువు తీసుకుపోవడానికి వచ్చినవాడిలా తేలిగ్గా ఉన్నాడు.

"కెమెరాలో చూడండి సార్. నిన్న కూడా చూపించాను. పాత కుళాయితో సహా ఎత్తి చూపించాను."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచినా ఆ అద్దాలు శుభ్రపడలేదు. చివరికి, రికార్డు కాలేదోయ్, అన్నాడు.

వాషర్ కాసేపు ఎర్రదీపం వైపు చూశాడు. అది మిణుక్కుమంటూనే ఉంది. ఆ తర్వాత అతను నాన్ననే ఓదార్చాడు.

"మిషను కదండీ, ఒక్కోసారి అంతే. చిన్న వాషర్ పోయుంటుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల తీసేసినట్టయింది. నోరు తెరవబోయాను. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది. నాన్న నన్ను బతిమాలడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ నోరు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం పోలీసులు వాషర్‌ని స్టేషనుకి తీసుకెళ్ళారు. సాయంత్రానికి వదిలిపెట్టారు గానీ, రోజూ వచ్చి కూర్చోవాలన్నారు, సంచీ ఉంచేసుకున్నారు. సంచీ లేని మేస్త్రీని ఎవరు పిలుస్తారు? ఉన్నా పిలిచేవాళ్ళు కాదు. మా వీధే కాదు, చుట్టుపక్కల వీధులూ మానేశాయి. పంతులమ్మ గారి కొత్త కుళాయి ఎక్కడో వదులైతే వేరే మేస్త్రీ వచ్చి బిగించి వెళ్ళాడు.

మా ఇంట్లో గరిటెలు పైకి లేవడం ఆగిపోయింది. ఓ సాయంత్రం పళ్ళేల ముందు ముగ్గురం తినకుండా కూర్చున్నప్పుడు చెప్పేశాను. ఆ పొద్దున నేను చూశాననీ, సంచీలో ఏమీ లేదనీ.

నాన్న పళ్ళెం పక్కకి జరిపాడు. "నువ్వు చూశావని చెబితే, కెమెరా ఎందుకు చూడలేదో నేను చెప్పాలి."

"చెప్పండి," అంది అమ్మ.

"షాపులో ఎవరైనా నా ముఖం చూస్తారా?"

"అతని ముఖం ఎవరు చూస్తున్నారు?"

మర్నాడు నాన్న అందరినీ పిలిచి, అందరూ చూస్తుండగా స్టూలెక్కాడు. స్క్రూలు తుప్పుపట్టి ఓ పట్టాన రాలేదు. కింద నిలబడ్డవాళ్ళు, కెమెరాకి రిపేరు చేయిస్తున్నాడనుకుని, జాగ్రత్త జాగ్రత్త అంటున్నారు. నాన్న దాన్ని తెచ్చి వరండా బల్ల మీద పెట్టి, మూత తీసి, బ్యాటరీలు రెండూ పక్కన పెట్టాడు. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంటాడు గానీ, "ఇంతే" అని మాత్రం అనగలిగాడు. సంఘం ఉపాధ్యక్షుడు దాన్ని చేత్తో తూచి చూసి, తను చెత్తతొట్టిదాకా నడిచింది దీని కోసమా అని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు నేను చూసింది చెప్పాను. వెనకవాళ్ళు వినపడలేదంటే మొదటి నుంచి మళ్ళీ చెప్పాను, కుళాయి తుడిచిన సంగతితో సహా.

పంతులమ్మ గారు వెనక కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు.

"సందువైపు తలుపుకి నేను అడ్డగడియ వేయలేదు. కెమెరా ఉందిలే అని దగ్గరగా వేసి వెళ్ళాను. అంత చెప్పినా వినలేదంటారని సిగ్గేసి చెప్పలేదు."

తలో కాస్త సిగ్గూ మేం దాచుకున్నాం. ఆ మొత్తం ఒక్కడి సంచీలోకి చేరింది. తోసుకుని వచ్చి తీసుకుపోయిన అసలు దొంగ ఇప్పటికీ దొరకలేదు.

నాన్న స్టేషనులో కూడా అదంతా రాసిచ్చి, సంచీ విడిపించి, నన్నూ అమ్మనీ వెంటబెట్టుకుని వాషర్ ఇంటికి వెళ్ళాడు. ఒక్కటే గది. గుమ్మం పక్క కుళాయి బొట్టు కూడా కారడం లేదు. అతను తనకున్న ఒక్క కుర్చీ మాకు వేసి, బకెట్టు బోర్లించి నన్ను కూర్చోమన్నాడు. నాన్న కూర్చోలేదు. తప్పయిపోయిందన్నాడు, చేతులు పట్టుకున్నాడు, కెమెరా తీసి అతని చేతిలో పెట్టాడు.

వాషర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఇందులో ఏం లేదా సార్?"

"లేదు."

"మరి నేనిన్నాళ్ళూ ఎవరికి చూపించినట్టు?"

అతను కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాన్న తల దించుకున్నాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు," అన్నాను. "పరదా వెనక నుంచి చూసేదాన్ని."

నవ్వేవాళ్ళమని చెప్పలేదు. అతను నా ముఖంలోకి చూశాడు, చెప్పక్కర్లేకుండానే అర్థమైనట్టుంది. కెమెరాని నాన్నకి తిరిగిచ్చి, సంచీ తీసుకుని, లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడానికి కూర్చున్నాడు. మేం వచ్చేశాం.

ఆ తర్వాత వీధి అతన్ని మళ్ళీ పిలవడం మొదలుపెట్టింది, ఎప్పటికన్నా మర్యాదగా. పంతులమ్మ గారైతే బాగున్న కుళాయిలు కూడా చూపించారు. మా ఇంటికి రావడానికి మాత్రం అతను కొంతకాలం తీసుకున్నాడు. మొన్న వంటింటి కుళాయి ఆగకుండా కారుతుంటే అమ్మ కబురు పెట్టింది, వచ్చాడు. తల వంచి చూసి, వాషర్ పోయిందన్నాడు. ఈసారి నిజంగా వాషరే. మార్చి, చేతులు తుడుచుకుని, ఎక్కువ మాట్లాడకుండా బయటికి నడిచాడు.

నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. పరదా తీసేశాం కాబట్టి కిటికీ బోడిగా ఉంది. అతను గేటు దగ్గర సైకిలు ఆపాడు. స్తంభం మీద స్క్రూల చిల్లుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, సంచీ కింద పెట్టి దాని మూతి విప్పాడు. రెంచి పైకెత్తి చూపించాడు. ప్లయరు చూపించాడు. టేపు, వాషర్ల డబ్బా, మా ఇంట్లో తీసిన అరిగిపోయిన వాషర్ కూడా రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు. సంచీ తిరగేసి దులిపాడు.

వద్దని చెయ్యి ఊపాను. అతను కదల్లేదు. నా ముఖంలోకి చూస్తూ ఎండలో నిలబడే ఉన్నాడు. చివరికి, చూశానన్నట్టు తలూపాను. అప్పుడు అన్నీ సర్దుకుని సైకిలెక్కాడు.