నీలం రంగు కింద అరెకరం

తలపైన ఎవరూ నడవని ఇల్లు కావాలి. భీమశంకరం కోరిక అంతే. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమాస్తాగా చేసినన్నాళ్ళూ అద్దెకి దొరికినవన్నీ కింది వాటాలే. పైవాటా వాళ్ళ అడుగులు తిన్నగా అతని బుర్రలో పడేవి. ఒక అడుగు పడ్డాక రెండోది పడేదాకా ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది. రెండోది పడకపోతే మరీ కష్టం.

ఉద్యోగం అయిపోయాక, భీమడోలు అవతల సొంతూళ్ళో తండ్రి వదిలిన అరెకరంలో రెండు గదులు వేసుకోవాలనుకున్నాడు. ఒకప్పుడు వరి పండిన ఆ అరెకరం కౌలుదారు చేతిలో చేపల చెరువైంది. ఇప్పుడు కౌలు తీరింది, చేపల పట్టుబడీ అయింది. మట్టి తోలి పూడ్చేయడమే మిగిలింది. టిప్పర్ల మురళితో మాట్లాడుకున్నాడు కూడా.

ఊరు ఈమధ్యే మునిసిపాలిటీలో కలిసింది. అనుమతి కోసం వెళ్తే, మెట్ల పక్క గోడకి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా అంటించి ఉంది. ఇళ్ళకు పసుపు, పొలాలకు ఆకుపచ్చ, నీళ్ళకు నీలం. పక్కవాళ్ళ చెరువు పసుపులో ఉంది. అతనిది నీలంలో ఉంది. నీలంలో ఇల్లు కట్టకూడదు.

ఆకాశం నుంచి తీసిన ఫొటో చూసి రంగులు వేశారని టౌన్‌ప్లానింగ్ అధికారి హారిక చెప్పింది. ఫొటో తీసేనాటికి పక్క చెరువు పట్టుబడి అయి ఎండగట్టి ఉంది, ఇతనిది నిండుగా ఉంది. తేడా అంతే. గడువులోగా అభ్యంతరం రాసిమ్మంది. తను వచ్చి చూసి నివేదిక రాస్తే కౌన్సిల్ తీర్మానం చేసి పైకి పంపుతుందనీ, పైన ఒప్పుకుంటే రంగు మారుతుందనీ వివరించింది. అతను రాసివ్వగానే గురువారం వస్తానంది.

ఆ నీలం అతన్ని వదల్లేదు. బస్సులో ముందు సీటు రెక్సిన్, మందుల షాపు కవరు, ఎక్కడ చూసినా అదే రంగు. ఎవరో తన పేరు పక్కన తనకు తెలియని జబ్బు పేరు రాసినట్టనిపించేది. ఆవిడ వచ్చేసరికి చెరువులో నీళ్ళే లేకపోతే? ఆ ఆలోచన రాగానే ఒళ్ళు తేలికైంది. బుధవారం పొద్దున్నే వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా తూము ఎత్తేసి, అవతలికి చూడకుండానే వచ్చేశాడు. నీళ్ళు మురుగు కాలువలో పడి కొల్లేరు వైపు పోతాయి. ఎప్పుడూ అటే పోయేవి.

చెరువు నీళ్ళు వదిలేశాక బురదలో మిగిలిన చేపలు వచ్చి పట్టుకున్నవాళ్ళవి. అక్కడి ఆనవాయితీ అది. కాదనడానికి చెరువు గలవాళ్ళకి నోరు రాదు. ఈ సంగతి అతనికి తెలుసు. తెలిసినా, తన సొంత ఆలోచనల చప్పుడులో గుర్తుకు రాలేదు.

గురువారం హారిక స్కూటీ దిగేసరికి చెరువు నిండా జనం. పక్కనున్న పల్లపు వీధి నుంచి ఆడా మగా సత్తు గిన్నెలతో దిగి, మోకాలి లోతు బురదలో జెల్లల్నీ మట్టగిడసల్నీ తడుముతున్నారు. ఇది చెరువు కాదు, నేలే అని చెప్పడానికి దారంతా కూడబలుక్కున్న వాక్యం ఇక భీమశంకరానికి పనికిరాలేదు.

గట్టు మీద చేపల బుట్ట పక్కన సూరమ్మ నిలబడి ఉంది. పల్లపు వీధి మనిషి. అతని చిన్నప్పటినుంచీ ఇంటింటికీ చేపలమ్మేది.

"ఏవండీ తమ్ముడుగారూ, చెరువు వదిలి మాటైనా చెప్పలేదే. కొంగలు చెప్పాయి లెండి, మీకంటే అవే నయం," అంది. హారికని పైనుంచి కిందిదాకా చూసి, "ఆఫీసు నుంచేనాండీ? మా వీధి కూడా చూడండి. కాస్త ప్యాంటు పైకి మడుచుకోవాలి మరి."

నీళ్ళు ఎటు పోయాయని హారిక అడిగింది. మురుగు కాలువలోకని అతను చెప్పబోతూ తూము అవతలికి చూశాడు. కాలువ ఉండాల్సిన చోట ఎవరిదో కొత్త లేఅవుట్, రాళ్ళు పాతిన ఎర్రమట్టి. నీళ్ళు ఆ మట్టికి కొట్టుకుని వెనక్కి మళ్ళి పల్లపు వీధిలోకి వెళ్ళాయి.

ముగ్గురూ వీధిలోకి నడిచారు. చీలమండలు మునిగే నీళ్ళు. ఇళ్ళలో గ్యాసు పొయ్యిలు మంచాలెక్కాయి. ఒకావిడ గడపలో కూర్చుని, పొద్దుట పట్టిన చేపల్ని అదే నీళ్ళలో కడుగుతోంది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

సూరమ్మే అంది, "కాలువ పూడ్చేశాక వానాకాలమంతా మా వీధి మీద పడాల్సిన నీళ్ళు మీ చెరువే పట్టి ఉంచుతోంది. అందుకే ఇంట్లో పడుకుంటున్నాం. మీకు తెలీదాండీ?"

"తెలీదక్కా."

ఆ మాట నిజమే. అయినా పైకి అనగానే అబద్ధంలా వినిపించింది. తెలుసుకోవాలని ఏనాడైనా అటు తిరిగి చూశాడా? చూడకపోవడం కూడా ఒక పనేనా? తనతో తనే వాదించుకుంటూ ఉంటే హారిక రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. అభ్యంతరం ఉంచుతారా, వెనక్కి తీసుకుంటారా అని అడిగింది. సూరమ్మ వినపడనట్టు చేపలు కడుగుతున్నావిడ వైపు తిరిగింది.

"ఉంచండి మేడం," అన్నాడు.

ఇది తవ్విన చెరువే, సహజమైన జలవనరు కాదు. అయితే పల్లపు వీధిలోకి పోవాల్సిన వాననీరు ఇందులోనే నిలుస్తోంది. హారిక రెండూ రాసింది. రాసింది అతనికి చదివి వినిపించింది కూడా.

కౌన్సిల్ సమావేశానికి అతను వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాడు. నివేదికలో తవ్విన చెరువన్న మొదటి వాక్యం చదవాలి, వాననీటి సంగతి చెప్పే రెండోది చదవకూడదు అనుకున్నాడు. కాసేపటికి రెండోదే చదవాలనిపించింది. ఎవరైనా లేచి, నీళ్ళెటు పోతాయని అడిగితే బాగుణ్ణు. అప్పుడు కాదన్నది వాళ్ళవుతారు, తను కాదు. చైర్‌పర్సన్ అంశం నంబరు చదివారు. సభ్యులు సరేనంటూ బల్లలు చరిచారు. వాళ్ళ వార్డు కౌన్సిలర్ టీ కప్పు ఎడమచేతికి మార్చుకుని మరీ చరిచాడు. రెండు వాక్యాల్లో ఏదీ ఎవరూ చదవలేదు.

వానలు వెనకబట్టాక ఉత్తర్వు వచ్చింది. పసుపు. అన్నాళ్ళూ నీలం రంగుని తిట్టుకున్నాడు. ఇప్పుడు తిట్టుకోవడానికి రంగు లేదు. అరెకరం, తను, అంతే.

మధ్యాహ్నం అద్దె గదిలో పడుకుని ఉండగా పైన ఒక అడుగు పడింది. రెండోదాని కోసం ఊపిరి బిగబట్టాడు. ఫోను మోగింది.

మురళి. "ఆర్డరు వచ్చిందంట కదండీ. రేపట్నుంచి తోలేమంటారా?"

కళ్ళు మూసుకుంటే రెండు గదులూ కనిపించాయి, తుడిచిన గచ్చుతో సహా. గచ్చు మీద చీలమండల దాకా నీళ్ళున్నాయి.

"రోడ్డువైపు గట్టు వెడల్పుగా ఉంటుంది చూశావా. దాని మీదకి రెండు లారీలు చాలు. చెరువులోకి వద్దు."

"గట్టు మీద ఏం పడుతుందండీ బాబూ, మంచం వేస్తే మనిషి బయట నిలబడాలి."

"ఒక గది పడుతుంది."

మురళి నవ్వి, మళ్ళీ మనసు మార్చుకోరు కదా అని అడిగాడు. భీమశంకరం పైకప్పు వైపు చూశాడు. రెండో అడుగు ఇంకా పడలేదు.