బుట్టలో వచ్చిన పెట్టలు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, చర్చి వరండాలో అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

పోయిన ఫిబ్రవరిలో నా తమ్ముడు బాలశౌరి మైలవరం దగ్గరి మా పుట్టినూరి నుంచి వచ్చి, భవానీపురంలో మా ఇంటి ముందు ఆటో దిగాడు. చేతిలో తువ్వాలు కప్పిన బుట్ట. అందులో నాలుగు పెట్టలు.

"అక్కా, వారం రోజులు నీ దగ్గరుంచు. ఊళ్లో కోళ్లకు జబ్బంట. పశువులాఫీసోళ్లు బాగున్నవాటిని కూడా చంపి గోతిలో పూడుస్తన్నారు."

మా వైపు ఇది కొత్త కాదు. తెగులొస్తే బతికున్న కోళ్లను చుట్టాల ఇళ్లలో దాచడం మా అమ్మ నాటి నుంచీ ఉంది. నేనూ దాచాను. కానీ ఆ రోజు మా ఒంటిగది ఇంట్లో నా కూతురు హెలెన్ జ్వరంతో, దగ్గుతో పడుకుని ఉంది. నర్సు హన్నా గారు పరీక్ష చేయించి ఫ్లూ అని తేల్చారు. కోళ్ల దరిదాపులకు పోనివ్వవద్దని, ఎందుకో కూడా వివరంగా చెప్పారు.

"గుమ్మం దాటకు" అన్నాను.

"ఏంటక్కా, నన్ను కూడానా?"

"నువ్వు కాళ్లూ చేతులూ కడుక్కుని రా. బుట్ట రాకూడదు."

"వీటికేం జబ్బు లేదు. చూడు, ఎట్టా చూస్తన్నాయో!"

"జబ్బు పైకి కనపడకముందే అంటిస్తాయంట. రెట్టలో కూడా ఉంటదంట. హెలెన్‌ది మనుషుల ఫ్లూ, ఇది కోళ్ల ఫ్లూ. పక్కపక్క చేలల్లో రెండు రకాల మొక్కజొన్న వేస్తే కండెలో గింజలు కలిసిపోవా? అట్టానే ఈ రెండూ ఒకే ఒంట్లో పడితే కొత్త రకం పుట్టొచ్చంట. అది మనిషి నుంచి మనిషికి పాకేదైతే, తట్టుకునే బలం ఎవరికీ ఉండదు. లోకమంతా మంచం పడతది."

వాడు పకపకా నవ్వాడు. "నా నాలుగు పెట్టలు లోకాన్ని మంచం పట్టిస్తాయా? చదువుతో పాటు నీకు పిరికితనం కూడా వచ్చిందే!"

లోపల్నుంచి హెలెన్ కూడా, "పోనీ అమ్మా, మెట్ల కింద పెట్టించు. మావయ్య అంత దూరం నుంచి వచ్చాడు" అంది.

ఎవరి కోసం పోట్లాడుతున్నానో ఆ పిల్లే నాకు అడ్డం. ఒళ్లు మండిపోయింది. హన్నా గారిచ్చిన కోళ్ల జబ్బు కరపత్రం తీసి, ఒక్కో అంకే చూసుకుంటూ అందులో ఉన్న పశువులాఫీసు నంబరుకు ఫోన్ చేశాను.

"భవానీపురం మా పరిధిలోకి రాదండీ. జబ్బొచ్చిన ఊరి చుట్టూ కిలోమీటరు వరకే మాకు ఆర్డరు."

"కోళ్లు ఆటో ఎక్కి వచ్చాయి కదండీ!"

"అయితే ఆ ఊరి డాక్టరు గారికి చెప్పండమ్మా" అని పెట్టేశారు.

బాలశౌరి మొహం మాడిపోయింది. "తోడబుట్టినోడి మీద పితూరీ చెప్తావా? వన్ టౌన్లో మా బామ్మర్ది ఫిలిప్ ఉన్నాడులే. వాడికి చదువు రాదు, నేను బతికిపోయాను." బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

నా గుమ్మం కాపాడుకున్నాను, సరే. వన్ టౌన్ సందుల్లో గోడకు గోడ ఆనుకుని ఎన్ని ఇళ్లు! ఆ గుమ్మాలకు ఎవరు అడ్డం నిలబడతారు?

గుమ్మం బ్లీచింగ్ నీళ్లతో కడిగాను. తర్వాత ఊరి పశువుల డాక్టరు గారి నంబరు సంపాదించి, ఫిలిప్ ఇంటి అడ్రసు వీధితో సహా చెప్పాను. "చూస్తామండీ" అన్నారు. చూశారో లేదో ఇవాళ్టికీ తెలియదు. ఫిలిప్‌కు ఫోన్ చేస్తే, "మా ఇంటికి ఏ కోళ్లూ రాలేదండీ" అన్నాడు. వెనక పెట్ట అరుస్తూనే ఉంది.

హెలెన్‌కు వారంలో నెమ్మదించింది. బాలశౌరి నా ఫోను ఎత్తడం లేదు. ఎత్తినా నేను క్షమాపణ చెప్పను. పెట్టలేమయ్యాయని అడుగుతాను.

సంపూర్ణమ్మ, అరవై మూడేళ్లు, భవానీపురం, విజయవాడ.