కూడాకు పట్టిన మైల

నంద్యాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన కరుణాకర్, కారణం చెప్పుకోలేని కార్యాన్ని గడప తొక్కనివ్వని మనిషి. చిన్నతనంలో జ్వరం వస్తే తల్లి హన్నమ్మ మాత్ర వేసి, పక్కన మోకరించి ప్రార్థన కూడా చేసేది. తగ్గింది దేనివల్లో తేలాలంటే ఈసారి ప్రార్థన మానెయ్యమ్మా అని అడిగి ఆయన చెంపదెబ్బ తిన్నాడు. దెబ్బ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. ప్రయోగం అసంపూర్తిగా మిగిలిపోయిందన్న బాధ మాత్రం పోలేదు.

అటువంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు చక్రపాణి. అహోబిలంలో తరతరాలుగా ప్రబంధ పారాయణ చేసే కుటుంబంలో పుట్టి, ఆళ్లగడ్డలో తెలుగు పండితుడిగా పనిచేసినవాడు. కరుణాకర్‌తో జీవితమంతా వాదించి, ఓడిన ప్రతిసారీ మాట మార్చినవాడు.

"కరుణాకరప్పా, పాప కంప్యూటర్లో కూడా ఎక్కల్యా. బేగా రా."

"కూడా అంటే? ఇంక యాడ ఎక్కల్యా?"

"ఇంక యాడా లేదప్పా. ఈడనే. కూడా ఎక్కల్యా."

"ఏది కూడా?"

"అదే చెప్తాండా గదా, కూడా!"

వ్యాకరణం ముదిరి కలహమయ్యేలోగా చక్రపాణి కూతురు వకుళమాల ఫోను లాక్కుంది. 'కూడా' అన్నది అవ్యయం కాదనీ, సాఫ్ట్‌వేరు పేరనీ, లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు పని పురమాయించాలంటే అది ఉండి తీరాలనీ విడమరిచింది. అరిగిపోయిన శాసనాల ఫొటోలు చూసి అక్షరాలు పోల్చే ప్రోగ్రాం ఒకటి ఆమె రాసింది. మరుసటి రోజు నంద్యాల కళాశాలలో దాన్ని నడిపి చూపిస్తే శాసనాల పథకంలో ఆమెకు ఉద్యోగం. నడవకపోతే ఆ చోటు ఇంకొకరిది. కూడాను, దానికి కావలసిన సరంజామానంతా కళాశాలవారే ఒక మూటగా కట్టి ఇచ్చారు. ఆ మూట సగం విప్పుకొని ఆగిపోతోంది.

"రేపు పొద్దున చూపించాల సార్," అంది.

కరుణాకర్ బస్సెక్కాడు.

చక్రపాణి ఇంట్లో లాప్‌టాప్ పీట మీద కొలువై ఉంది. దాని మూత మీద నిలువుగా తిరునామం దిద్ది ఉంది.

"దీనికి నామం పెట్టినావా?" అన్నాడు కరుణాకర్.

"మేం దానికి పెట్టినాం. అది మాకు పెట్టింది," అన్నాడు చక్రపాణి.

కరుణాకర్ కళ్లద్దాలు తుడుచుకొని పనిలోకి దిగాడు. స్థాపన విఫలమైందని చెప్పి, తెర ఒక అంకె చూపించి ఊరుకుంది. ఆ అంకెను ఇంటర్నెట్‌లో వెతికితే, లోకంలోని కష్టజీవులందరూ ఏదో ఒక పూట దాని వాత పడినవారేనని తేలింది. ఒకడు పాతదంతా తుడిచెయ్యమన్నాడు. ఇంకొకడు వైరస్ కాపలాను పక్కకు పొమ్మన్నాడు. మరొకడు పాత డ్రైవరే దిక్కన్నాడు. కరుణాకర్ అన్నీ చేశాడు. చేసిన ప్రతిసారీ మూట సగందాకా విప్పుకొని, అదే చోట, అదే అంకెతో ఆగింది.

"మళ్లా రీస్టార్ట్ ఎందుకు సార్? ఇప్పుడే గదా చేస్తిమి," అంది వకుళమాల.

"వరుసగా మూడుసార్లు చెయ్యమన్నాడు."

"ఎందుకంట?"

"ఎందుకని రాయల్యా."

"ఎవరు సార్ చెప్పింది?"

"ఎవరో. పేరు కూడా లేదు."

చక్రపాణి వక్కపలుకు నోట్లో వేసుకుని తలపంకించాడు. "కర్త లేడు, కారణం లేదు. అపౌరుషేయం అన్నమాట."

ఇన్నేళ్ల వాదంలో చక్రపాణి నోట వచ్చిన మొదటి న్యాయమైన మాట అదేనని కరుణాకర్ మనసులో ఒప్పుకున్నాడు. పైకి మాత్రం రీస్టార్ట్ నొక్కాడు.

మధ్యాహ్నం పులిహోర తిన్నాక చక్రపాణి అసలు సంగతి బయటపెట్టాడు. తమ్ముడు శ్రీవిష్ణు కోడలు మొన్ననే ప్రసవించింది. దాయాదులందరికీ పురిటి మైల.

"యంత్రం పాప పేరు మీద ఉండాది. పాపకు మైల. కొత్త పని ఎట్ల మొదలవుతాదప్పా?"

"మీ ఇంటి కరెంటు నీ పేరు మీద ఉండాది. ఫ్యాను తిరుగుతాండాదే?"

"ఫ్యాన్‌ది పాత పని. దానికి తిరిగేది అలవాటు."

కరుణాకర్ పకపకా నవ్వాడు. చక్రపాణి చలించలేదు. "వేరే గోత్రం మనిషి పేరు మీద ఎక్కించు. నీకైతే గోత్రమే లేదు. ఇంకా మేలు."

"నా పేరు మీదనా?"

"సార్," అంది వకుళమాల, "కొత్త యూజర్ పెట్టేది ఎంతసేపు? అన్నీ చేసినాం గదా, ఇదొకటి చేద్దాం."

ఆ పిల్ల మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. పైగా, మైల సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టి మట్టి కరిపించే అవకాశం రోజూ రాదు. "సరే. ఇదీ ఎక్కకపోతే మైల మాట నా ముందర ఇంకెప్పుడూ ఎత్తగూడదు," అని షరతు పెట్టి, కొత్త యూజర్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు కొట్టాడు.

మూట విప్పుకోసాగింది. సగం దాకా వచ్చింది. సగం దాటింది, దాటి, ఏమీ జరగనట్టు చివరిదాకా వెళ్లి, పని ముగిసిందని చెప్పింది.

"నారాయణ!" అన్నాడు చక్రపాణి.

వకుళమాల గబగబా తన ప్రోగ్రామును కొత్త యూజర్‌లోకి తెచ్చి, ఒక శాసనం ఫొటో ఇచ్చింది. నాచుపట్టి సగం చెరిగిన రాతి మీద నుంచి ప్రోగ్రాం మొదటి మాటలు పోల్చి తెర మీద పెట్టింది: స్వస్తి శ్రీ.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటుంటే, కరుణాకర్ చూపు ఆ 'శ్రీ' దగ్గర చిక్కుకుంది. ఎక్కడో చూశాడు దాన్ని, ఇందాకే. పాత యూజర్ పేరు!

"ఆ పేరు పెట్టింది ఎవరు?"

"నేనే," అన్నాడు చక్రపాణి. "దీన్ని కొన్న రోజు నా చేత్తో తెలుగులో కొట్టినా. శ్రీవకుళమాల. శ్రీకారం లేకుండా ఏ పనైనా ఎట్ల మొదలుపెడతాం?"

కరుణాకర్‌కు అంతా అర్థమైంది. మూట తన సామాను దింపుకొనేది యూజర్ పేరుతో ఉన్న అరలోనే, అంటే ఫోల్డరులోనే. దాన్ని కట్టినవాడు దానికి ఇంగ్లీషు తప్ప ఇంకో అక్షరం నేర్పలేదు. అర తలుపు మీద తెలుగు కనబడగానే దిక్కుతోచక నిలబడిపోయింది. తెలుగు శాసనాలు చదివించడానికి పంపిన సరంజామా తెలుగు పేరున్న ఇంట్లోకి రాలేకపోయిందన్నమాట!

"మైల కాదప్పా, అక్షరం!" అని లేచి నిలబడ్డాడు. "నిరూపిస్తా చూడు. ఎక్కినదాన్ని దించేసి, నా పేరే తెలుగులో కొట్టి, మళ్లా ఎక్కిద్దాం. ఆగిపోయిందంటే అక్షరమేనని తేలిపోతాది."

వకుళమాల లాప్‌టాప్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ముట్టుకోవద్దు సార్. మీ కాళ్లకు మొక్కుతా."

"భయమేందీ? మళ్లా ఇంగ్లీషు పేరుతో ఎక్కించుకుంటాం. కారణం తెలిసింది గదా."

"తెలిసిందా సార్, లేకుంటే తెలిసిందని అనుకుంటాండారా?"

ఆయన ముప్పైయేళ్లపాటు విద్యార్థులను అడిగిన ప్రశ్న అది. దానికి నిజాయితీగల జవాబు ఒక్కటే.

"అనుకుంటాండా," అన్నాడు. పరీక్షిస్తే తప్ప తెలియదు. పరీక్ష వికటిస్తే రేపు కళాశాలలో చేతులు నలుపుకొంటూ నిలబడేది తాను కాదు. కరుణాకర్ చెయ్యి వెనక్కు తీసుకుని కూర్చున్నాడు. ఎన్నడో తిన్న చెంపదెబ్బ మళ్లీ చురుక్కుమంది.

"పురిటి మైలంటే అట్ల ఉంటాది," అన్నాడు చక్రపాణి తృప్తిగా, ఇంకో వక్కపలుకు వేసుకుంటూ.

వకుళమాలకు ఉద్యోగం వచ్చింది. కరుణాకర్ ఆ తరువాత కనబడినవారందరికీ అరల సంగతి, అక్షరాల సంగతి వివరంగా చెప్పాడు. విన్నవారు మర్యాదగా తల ఊపి, చక్రపాణి చెప్పిన కథనే పట్టుకుపోయారు. అది చిన్నది, పైగా అందులో ఒక పసిబిడ్డ ఉంది.

కొన్ని నెలలకు కరుణాకర్ పాత కంప్యూటరు మొరాయిస్తే, నంద్యాల బస్టాండు దగ్గరి దుకాణంలో కొత్తది కొన్నాడు. దుకాణదారు సాల్మన్ రాజు దాన్ని తెరిచి, ఏమీ అడగకుండానే, యూజర్ పేరు దగ్గర 'కరుణాకర్' అని ఇంగ్లీషులో కొట్టాడు.

"ఇదేందీ, నువ్వే పెడతాండావ్?"

"ఈ పేరైతే అన్నీ ఎక్కుతాయి సార్. మైల తగలదు. మా దాంట్లో మైల పట్టింపు లేదు గానీ, ఎందుకైనా మంచిదని."

"ఎవరీ కరుణాకర్?"

"ఆళ్లగడ్డ పక్క ఎవరో మహానుభావుడంట. పోయి చానా దినాలైందంట."

కరుణాకర్ గొంతు సవరించుకున్నాడు. "ఇంగ్లీషులో కొడితే ఏ పేరైనా ఎక్కుతాది నాయనా. గురవయ్య అని కొట్టి చూడు."

"ఎక్కుతాదేమో సార్. ఎక్కేదాన్ని పెట్టుకోని పరీక్షలెందుకు?" అని సాల్మన్ రాజు వారంటీ కార్డు తీశాడు. "మీ పేరు చెప్పండి."

"కరుణాకర్."

సాల్మన్ రాజు తలెత్తి, ఆయన్ను ఎగాదిగా చూసి, జాలిగా నవ్వాడు.

"ఈ మధ్య అందరూ ఇదే చెప్తాండారు సార్. అసలు పేరు చెప్పండి."