సైరన్ బాబాయ్ తలుపు

మీట నొక్కి, చెవుల్లో దూది కుక్కుకుని, సైరన్ బాబాయ్ టవర్ గోడకి జారబడ్డాడు. నెత్తిమీద సైరన్ ఊరంతా వినేలా ఏడుస్తోంది. కింద వీధిలో కుక్క ఒకటి పక్కకి తిరిగి ఇంకాస్త హాయిగా నిద్రపోయింది.

తప్పు కుక్కది కాదు. ఈ ఏడాది సైరన్ కూసినప్పుడల్లా తుఫాను ఎటో వెళ్లిపోయింది. జనం మూటలు మోసుకుని మెట్ట మీది బడికి ఎక్కడం, పొడి బట్టలతో దిగిరావడం, వస్తూ వస్తూ బాబాయ్‌ని తిట్టడం. తుఫానుని ఆయనే ఇంట్లో పెంచుతున్నట్టు.

ఈసారి ఫోన్లో తుఫాను హెచ్చరికల ఆఫీసువాళ్ల గొంతే వేరుగా ఉంది. సాయంత్రానికి సముద్రం వీధిలో ఉంటుందన్నారు.

పొద్దుటినుంచి బాబాయ్ ఛాతీ మీద ఎవరో బండరాయి పెట్టి మరిచిపోయినట్టుంది. ఆగి ఆగి టవర్ దిగి, గడపగడపకీ వెళ్లి చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. ఎవరూ కదల్లేదు. టీకొట్టతను గ్లాసు చేతిలో పెట్టాడు.

"తలుపు ఊడదీశావా బాబాయ్? లేదు కదా. మరి కూర్చో."

ఆ వీధి లెక్క అది. ఎప్పుడో ఒక తుఫాను బాబాయ్ ఇంటి తలుపుని ఎత్తుకుపోయింది. కొత్తది చేయించాక, ఇది ఉత్తుత్తి తుఫాను కాదని తనకి గట్టిగా అనిపిస్తే, దాన్ని బందులతో సహా ఊడదీసి బడికి మోసుకెళ్లేవాడు. ఊడదీసేముందు గడియకి తాళం వేసేవాడు. ఇల్లు బార్లా తెరిచే ఉండేది, తలుపుకి మాత్రం తాళం. సైరన్ కూస్తే ఆఫీసు భయపడినట్టు, తలుపు కదిలితే బాబాయ్ భయపడినట్టు. వీధి రెండోదాన్నే నమ్మేది.

ఇంటికెళ్లి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆయన ఒంటికి పట్టిన చెమట చూసి భార్య గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఈసారికి దాన్ని వదిలెయ్యవయ్యా. పోతే పోనీ."

"తలుపు పోతే పోనీవే. వీధి పోతుంది."

ఆవిడ లేచి దారి ఇచ్చింది. తలుపు ఊడి వచ్చాక వెనక కొస పట్టుకుంది.

తలుపు వీధిలోకి రాగానే టీకొట్టతను మరుగుతున్న టీ పారబోశాడు. చూసినవాళ్లు చూసినట్టే ఇళ్లలోకి పరిగెత్తి పిల్లల్ని, కోళ్లని, టీవీల్ని, ఆఖరికి మాటలు మానేసిన అత్తగార్లని కూడా వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆ హడావుడిలో తలుపుకి ఒక చెయ్యి వేద్దామని ఎవరికీ తోచలేదు. అందరూ దాన్ని దాటుకుని వెళ్లిపోయారు.

బడికి అందరికంటే చివర చేరింది తలుపే. బాబాయ్ దాన్ని వరండా గోడకి ఆనించి, పక్కనే కాళ్లు చాపుకుని, అందరూ వచ్చారా అని అడిగాడు. కుక్కతో సహా వచ్చారని భార్య చెప్పింది. అయితే కాస్త కళ్లు మూసుకుంటానన్నాడు.

సాయంత్రం సముద్రం మాట తప్పకుండా వచ్చింది. జల్లు వరండాలోకి కొడుతుంటే, బాబాయ్‌ని లోపలికి తీసుకెళ్దామని టీకొట్టతను వచ్చాడు. ఆవిడ భర్త చెవిలో మిగిలిపోయిన దూదిని మెల్లగా తీస్తోంది. అతను పిలవబోయి, ఆవిడ ముఖం చూసి, పక్కనే కూలబడ్డాడు.

నీళ్లు తీశాక అందరూ బాబాయ్‌ని భుజాల మీద మోసుకుని దిగి వెళ్లారు. బాబాయ్ ఇల్లున్న చోట ఇసుక ఉంది. తలుపు బడి వరండాలోనే గోడకి ఆనుకుని ఉంది, గడియకి తాళం వేసి.