మీరు కానివ్వండి

"ఇంతకీ పోయిన వారం ఏ పాట నేర్పారు?" ఆదివారం మధ్యాహ్నం బజ్జీలకి అరటికాయలు తరుగుతుంటే మా ఆయన అడిగారు. పాట కాదండీ, కల్పనస్వరాలు, ఎవరికి తోచినవి వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ తాళం తప్పకుండా మళ్ళీ పల్లవిలోకి రావాలి అన్నాను. "తోచింది పాడ్డానికి రాజమండ్రి దాకా వెళ్ళాలేంటి?" అని నవ్వారు. ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో పులుసులో బెల్లం ఎంతో అత్తయ్యగారు చెబుతారు, బజ్జీల్లో వాము ఎంతో ఈయన చెబుతారు. నాకు తోచినట్టు చేసుకునేది అంట్లు తోమడం ఒక్కటే.

ప్రతి ఆదివారం కొవ్వూరులో బస్సెక్కి, వంతెన దాటి దేవకుమారి టీచరుగారింటికి వెళతాను. అయిదుగురం గుండ్రంగా కూర్చుంటాం, వంతులవారీగా పాడతాం. ఇంటర్ చదివే హేమశ్రీ తప్పు పాడి పకపకా నవ్వేస్తుంది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ పాపాయిగారు తాళం మింగేసి కూడా ధీమాగా కూర్చుంటారు. నా వంతు వచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. "మీరు కానివ్వండి" అంటాను పక్కావిడతో. నోటికి అలవాటైన మాట అది. వేడి అట్టు దగ్గరా అదే, బాత్రూమ్ దగ్గరా అదే, టీవీ ముందు కుర్చీ దగ్గరా అదే. నా మీద నాకే విసుగు.

పోయిన వారం తెలివి చూపించబోయాను. మోహనరాగంలో స్వరాలు ముందే కాగితం మీద రాసుకుని, పప్పు రుబ్బుతూ బట్టీపట్టి, వెళ్ళి గడగడా అప్పజెప్పాను. టీచరుగారు తాళం ఆపేశారు.

"ఇవి ఇంట్లో వండుకొచ్చినవి కదండీ వేణిగారూ? ఇక్కడే పొయ్యి వెలిగించండి. తప్పైనా పర్లేదు."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తప్పైనా పర్లేదని అంతవరకు నాతో ఎవరూ అనలేదు. కళ్ళు మూసుకుని గాంధారం పట్టుకున్నాను. తర్వాత ఎటు వెళ్ళాలో తెలియదు, అయినా వెళ్ళాను. చివర్లో పల్లవి అందుకునేసరికి కాస్త ఆలస్యమైంది. పాపాయిగారు మాత్రం "భలే!" అన్నారు. తిరుగు బస్సులో పైకే పాడేసుకుంటుంటే, పక్కసీటావిడ తన పిల్లని దగ్గరికి లాక్కుంది.

ఆ సంతోషంలోనే ఉన్నాను ఈ వారమంతా. ఈయనేమో తాపీగా, "ఇవాళ క్లాసు మానెయ్. మా మేనేజరుగారు వస్తున్నారు. బజ్జీలు పెట్టి, పెళ్ళిచూపుల్లో పాడిన పాట పాడు. ఒక్క చరణం చాల్లే" అన్నారు. "పాడేటప్పుడు చేతులు ఊపకమ్మా" అని అత్తయ్యగారు మంచం మీంచి అందించారు. పదిహేడేళ్ళుగా ఎవరొచ్చినా అదే పాట. ఈయన చాల్లే అన్నచోట ఆపేస్తాను.

కత్తిపీట గోడకి చేరేశాను. శనగపిండి, వాము, నూనె వరసగా పొయ్యిగట్టు మీద పెట్టాను. చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుంటుంటే ఈయన గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు.

"వేణీ! ఎక్కడికి? పిండి ఎంత జారుగా కలపాలో, నూనె ఎంతసేపు కాగాలో నాకేం తెలుసు?"

బస్సుకి ఇంకా టైముంది. నిదానంగానే చెప్పాను.

"తప్పైనా పర్లేదండీ. మీరు కానివ్వండి."