కెల్డర్‌బీలో కెల్డర్‌బీలు లేరు

మా ఊరు కెల్డర్‌బీ. ఇక్కడి నుంచి ముప్పై ఒక్కమంది యుద్ధానికి వెళ్లారు. ముప్పై ఒక్కమందీ తిరిగి వచ్చారు. పక్క ఊళ్లలో ఇంటికొక చావు, కొన్ని ఇళ్లలో రెండు. గొర్రెల సంతలో మమ్మల్ని చూస్తే ఆ ఊళ్లవాళ్లు ముఖం తిప్పుకునేవారు. మా అదృష్టానికి మేం కాస్త సిగ్గుపడ్డాం, ఎక్కువ గర్వపడ్డాం. ఆ గర్వాన్ని రాతి మీద చెక్కే పని నాకే అప్పగించారు. నేను సేత్ రాస్ట్రిక్‌ని, ఈ ఊరి రాతిపనివాణ్ణి.

అది యుద్ధం ముగిశాక మూడో వసంతం. రాయి దాదాపు పూర్తయింది. మొదటి వరసలో “కెల్డర్‌బీ నుంచి వెళ్లినవారు”, రెండో వరసలో “తిరిగి వచ్చినవారు”, కింద “దేవునికి స్తోత్రం”. రెండు వరసల చివరా ముప్పై ఒకటి అని, గడియారాల మీద ఉండే పాత అంకెల్లో చెక్కాను. మూడు ఇంటూ గుర్తులు, పక్కన ఒక నిలువు గీత. పెంతెకోస్తు ఆదివారం నాడు దాన్ని చర్చి గోడకు ఎక్కించాలి.

ఆ పండక్కి మూడు వారాల ముందు, ఒక శనివారం మధ్యాహ్నం, ఒకావిడ నా కొట్టం గుమ్మంలో నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. నల్ల గౌను, అంచుల నిండా బురద. స్టేషన్ నుంచి ఆరు మైళ్లూ నడిచే వచ్చిందని తెలుస్తూనే ఉంది.

“రాళ్లు చెక్కేది మీరేనా అన్నా?”

“చేతిలో ఉలి, ఒళ్లంతా దుమ్ము. పాదిరిలా కనిపిస్తున్నానా?”

నా నోరు అలాంటిది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ దానికి కళ్లెం వేసింది. ఆవిడ పోయాక అడిగేవాళ్లు లేరు.

“నా పేరు ఆడా కెల్డర్‌బీ” అందావిడ.

నాకు నవ్వొచ్చింది. “ఊరి పేరు తగిలించుకుని వచ్చావేంటమ్మా? ఇక్కడ కెల్డర్‌బీలు ఎవరూ లేరు. నాకు తెలిసి ఎప్పుడూ లేరు.”

“మా ఆయన ఇంటిపేరన్నా అది. ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకీ తెలీదు.”

కూర్చోమని ఒక దిమ్మ చూపించాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దక్షిణాన నలభై మైళ్ల అవతల మిల్లుల పట్నంలో ఆవిడ మగ్గాల మీద పని చేస్తుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, విల్‌ఫ్రెడ్. తొమ్మిదేళ్లప్పుడు స్టేషన్ గోడ మీద రైలు పటం చూస్తూ, “అమ్మా, మన పేరుతో ఊరుందే!” అని జనమంతా తిరిగి చూసేలా అరిచాడట. అప్పట్నుంచీ ఏటా సెలవులకి ఇక్కడికి రావాలనుకోవడం, ఏదో ఒకటి అడ్డుపడటం. ఫ్రాన్సు నుంచి రాసిన ఆఖరి ఉత్తరంలోనూ అదే మాట: ఇది అయిపోగానే మన ఊరు చూసొద్దాం అమ్మా.

“గుండు పడ్డ చోట ఏమీ మిగల్లేదన్నారు. సమాధి లేదు. మా పట్నంలో పెద్ద స్తంభం కడుతున్నారు. పేర్లు చెక్కరట. మరీ ఎక్కువమంది పోయారు, అన్ని పేర్లు పట్టవన్నారు.” ఆవిడ కళ్లు ఒత్తుకునే రకం కాదు. చెబుతున్నంతసేపూ పొడి కళ్లతోనే నన్ను చూసింది. “వాడి పేరు ఈ భూమ్మీద ఎక్కడా రాసి లేదన్నా. నేను కూడా పోతే వాడు అసలు పుట్టనట్టే. ఈ ఊళ్లో రాయి చెక్కుతున్నారని పేపర్లో చూశాను. ఒక్క మూల వాడి పేరు వెయ్యండి. వాడు రావాలనుకున్న ఊరిది.”

“ఈ రాయి చచ్చినవాళ్లది కాదమ్మా. బతికొచ్చినవాళ్లది.”

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆవిడ కదల్లేదు. చేసేది లేక పాదిరిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మెత్తని మనిషి, ఎవరికీ కాదని చెప్పలేడు, అవునని కూడా చెప్పలేడు. రాత్రికి వాళ్లింట్లోనే ఉండమన్నాడు, రేపు ఆరాధన అయ్యాక ఊరినే అడుగుదాం అన్నాడు.

ఆదివారం ఒక్కరూ ఇంటికి పోలేదు. పాదిరిగారు విషయం చెప్పగానే హన్నా డిన్స్‌డేల్ లేచింది. ముగ్గురు కొడుకుల్ని పంపి ముగ్గుర్నీ వెనక్కి తెచ్చుకున్న తల్లి. ఊళ్లో ఆవిడ మాటకి ఎదురు లేదు.

“పాపం అనడానికి నాకూ మనసుందండీ. కానీ ఈ చుట్టుపక్కల చావు లేని ఊరు మనదొక్కటే. ఆ రాయి మీద పోయినవాడి పేరు పెట్టామంటే, పోయిన గండాన్ని పిలిచి ఇంట్లో పీట వేసినట్టే. మా పిల్లలింకా పూర్తిగా కోలుకోలేదు. నేను ఒప్పుకోను.”

కోలుకోలేదన్నది నిజమే. ఆవిడ రెండో కొడుకు మార్టిన్ వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో పడుకోడు, పశువుల కొట్టంలో పడుకుంటాడు. నా కొడుకు నెడ్ చేతులు వణుకుతాయి. నాకంటే మంచి పనివాడు కావలసినవాడు, యుద్ధం నుంచి వచ్చాక ఉలి ముట్టుకోలేదు. “తిరిగి వచ్చినవారు” అని చెక్కుతున్నప్పుడు నేను రెండుసార్లు ఆగిపోయాను. ఎవరికీ చెప్పలేదు.

గొడవ ముదరకముందే తేల్చేద్దామని నేను లేచాను. చేతిలో చర్చి పుస్తకం ఉంది. ముందురోజు సాయంత్రం పాదిరిగారూ నేనూ మూడొందల యాభై ఏళ్ల పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ తిరగేశాం.

“ఇందులో డిన్స్‌డేల్‌లున్నారు, ఆల్డర్‌సన్‌లున్నారు, మా వాళ్లున్నారు. కెల్డర్‌బీ అన్నవాడు ఒక్కడు కూడా లేడు. ఆవిడ ఇంటిపేరు ఊరి పేరుతో కలిసిందంతే. మనకీ వాళ్లకీ ఏ సంబంధం లేదు.”

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎవరూ కఠినంగా కాదనక్కర్లేదు, పుస్తకమే కాదంది.

ఆడా మెల్లగా లేచింది. ఒళ్లో పెట్టుకున్న ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. “అయితే మాది ఈ ఊరు కాదన్నమాట. వాడు ఆ సంగతి తెలీకుండానే పోయాడు, అదే నయం. మిమ్మల్ని శ్రమపెట్టాను, ఏమీ అనుకోకండి.”

వెనక బల్ల మీద నుంచి కర్ర నేలకేసి కొట్టిన చప్పుడైంది. పెగ్గీ ఆల్డర్‌సన్. ఎనభై ఎనిమిదేళ్లు. ఊళ్లో సగంమందికి మంత్రసాని ఆవిడే.

“కూర్చోవే పిల్లా. ఏరా సేతూ, నీ ఇంటిపేరేంట్రా?”

“రాస్ట్రిక్. నన్ను భూమ్మీద వేసింది నువ్వేగా అవ్వా, మర్చిపోయావా?”

“నేను మర్చిపోలేదు, మర్చిపోయింది నువ్వు. రాస్ట్రిక్ అంటే ఏంటి?”

“దక్షిణాన ఒక ఊరు. మా పూర్వీకులెవరో అక్కణ్ణించి వచ్చారంటారు.”

“అక్కడున్నప్పుడు మీ ముత్తాతల్ని రాస్ట్రిక్ అని పిలిచేవాళ్లా? ఊరందరూ రాస్ట్రిక్ వాళ్లేనాయె, ఎవణ్ణని పిలుస్తార్రా? హన్నా, పెళ్లై వచ్చిన కొత్తలో నిన్నేమని పిలిచాం?”

“మా పుట్టినూరి పేరుతో డెంట్ పిల్ల అనేవారు” అంది హన్నా, ఇష్టం లేకుండానే.

“డెంట్‌లో ఉన్నప్పుడు ఎవరన్నా అలా పిలిచారా నిన్ను?”

హన్నా తల అడ్డంగా ఊపింది.

“ఊళ్లో ఉన్నవాడికి ఊరి పేరు పడదురా మొద్దూ. వెళ్లిపోయినవాడికే పడుతుంది. ఎప్పుడో మనవాడొకడు మూట కట్టుకుని ఈ వాగు దాటి పోయాడు. పోయిన చోట నువ్వెవరని అడిగితే కెల్డర్‌బీ వాణ్ణన్నాడు. పుస్తకంలో ఎందుకుంటాడు? పుస్తకాలు రాయకముందే పోయుంటాడు. మనం ఇక్కడే కూర్చుని వాణ్ణి మర్చిపోయాం. వాళ్లు అక్కడ మన పేరు మోస్తూనే ఉన్నారు, ఇన్ని వందల ఏళ్లూ. ఇంత దూరం పేరొక్కటే పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినదాన్ని గుమ్మంలో నిలబెట్టి పుస్తకం చదువుతావురా?”

నాకు తల కొట్టేసినట్టయింది. నేను కాదనడానికి తెచ్చిన పుస్తకమే ఆవిడ మనదనడానికి సాక్ష్యమైంది. రేపు నేను చచ్చి, నా కొడుకు రాస్ట్రిక్ వెళ్లి నా పేరు చెబితే, అక్కడ కూడా నాలాంటివాడొకడు పుస్తకం తెరుస్తాడు.

ఆఖరికి హన్నా ఆడా వైపు తిరిగింది.

“ఎన్నేళ్లమ్మా మీవాడికి?”

“పందొమ్మిది. ఇంకో వారం ఉంటే ఇరవై.”

“మా మార్టిన్ ఈడువాడే.” హన్నా కూర్చుంది. కూర్చుని చేతి రుమాలు నలిపింది. “చెక్కెయ్ సేతూ. నా ముగ్గుర్నీ ఎదురుగా పెట్టుకుని ఆవిడకి కాదని చెప్పలేను.”

సోమవారం పొద్దున్నే ఉలి పట్టాను. స్తోత్రం కింద పేరు చెక్కాను: విల్‌ఫ్రెడ్ కెల్డర్‌బీ. మధ్యాహ్నానికి పూర్తయింది. నెడ్ వచ్చి దుమ్ము ఊది, చాలాసేపు రాయి చూశాడు.

“నాన్నా, లెక్క తప్పింది.”

“ఏ లెక్క?”

“వెళ్లినవారు ముప్పై ఒకటి కాదుగా ఇప్పుడు.”

నేను పేరు గురించే ఆలోచించాను, అంకె గురించి ఆలోచించలేదు. మొదటి వరస చివర ఒక గీతకి చోటుంది. పక్కన ఇంకో నిలువు గీత కొడితే ముప్పై రెండవుతుంది. రెండో వరస ముప్పై ఒకటిగానే ఉంటుంది. ఉలి అందుకోబోయాను.

“ఇటివ్వు. నేను కొడతా” అన్నాడు నెడ్.

ఇచ్చాను. వాడి చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఒక్క గీతకి గంట పట్టింది. నేను చెయ్యి పట్టుకుంటానంటే వద్దన్నాడు. గీత కిందికి వచ్చేసరికి పక్కకి జారింది. సరిచేస్తే మంచిదే, కానీ నేను సరిచేయలేదు.

పెంతెకోస్తు నాడు ఆడా వచ్చింది, ఈసారి స్టేషన్‌కి హన్నా బండి పంపింది. గోడ దగ్గర ఆవిడ మొదట కొడుకు పేరు మీద అరచెయ్యి పెట్టింది. ఒక్కొక్క అక్షరమే తడిమింది. తర్వాత పైకి చదివింది. వెళ్లినవారు. తిరిగి వచ్చినవారు. మళ్లీ మొదటి వరస దగ్గరికి వెళ్లి ఆ ఆఖరి గీత మీద వేలు పెట్టింది.

“ఇదొక్కటీ వంకరగా ఉందేంటన్నా?”

“అది మీవాడమ్మా” అన్నాను.

ఆవిడ వేలు అక్కణ్ణించి తియ్యలేదు. జనమంతా బయటికి వెళ్లిపోయాక కూడా అలాగే నిలబడి ఉంది. అప్పుడు ఏడ్చింది.