తొడిమల ఆట

మధ్యాహ్నం కాగానే మహిమ స్కూటీ మీద సత్తెనపల్లి బయట ఉన్న మిర్చి షెడ్డుకి అన్నం క్యారేజీ తీసుకెళ్లేది. వాళ్లమ్మ ఎలీసమ్మ అక్కడ మిరపకాయల తొడిమలు తీస్తుంది. తీసిన కాయల్ని కాటా పెట్టి, కిలోకి ఇంతని కూలి ఇస్తారు. ఎంత మజ్జిగ పోసి కడిగినా ఆ చేతుల మంట పోదు. మహిమ చిన్నప్పుడు ఏడిస్తే ఎలీసమ్మ మోచేత్తో కళ్లు తుడిచేది గానీ, వేలు తగలనిచ్చేది కాదు.

ఆ వేళ్లను చూసే మహిమ ఆట తయారుచేసింది. ఫోన్లో ఒకే రంగు కాయలు మూడింటిని ఒకచోటికి చేర్చి తొడిమ లాగాలి. చేతకాకపోతే స్నేహితుల్ని సాయం పిలవొచ్చు. ఇంతే, ఇందులో పెద్ద తెలివేమీ లేదు. కానీ జనం ఎగబడ్డారు. బస్సుల్లో లాగారు, ఆఫీసుల్లో లాగారు, చర్చిలో వెనక బెంచీల మీద కూర్చుని కూడా లాగారు. మధ్యమధ్యలో వచ్చే ప్రకటనల డబ్బుతోనే మహిమ ఆ స్కూటీ కొంది.

ఫోన్లో తొడిమ ఊడినప్పుడల్లా షెడ్డులో కూడా ఓ కాయకి తొడిమ ఊడేది. మేస్త్రి కోటేష్ వాటిని చీపురుతో ఓ పక్కకి ఊడ్చేవాడు. "బళ్లకి సెలవలు గదా, ఆడేవాళ్లు ఎక్కువ," అనేవాడు. వాటంతటవి ఊడిన కాయలకి కూలి లేదు. రానురాను లారీ దిగిన కాసేపటికే రాశి అయిపోయేది. ఆడవాళ్లు ఇంకో లారీ కోసం పొద్దుగూకేదాకా చూసి, ఉత్త చేతులతో ఇంటిదారి పట్టేవాళ్లు.

మహిమకి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఆటలో కొత్త లెవెల్స్ పెట్టింది. అమ్మ ముందు క్యారేజీ విప్పాలంటే చేతులాడేవి కావు.

ఒకరోజు ఎలీసమ్మ అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఫోన్లో ఆ ఆటే మొదలుపెట్టింది. అప్పుడే దించిన రాశిలో టపటపా తొడిమలు రాలాయి.

"ఆడకమ్మా. నువ్వు లాగేది నీ కూలే," అంది మహిమ.

"తెలుసు. ఎటూ ఎవరో ఒకరు లాగేస్తారుగా. నేను లాగితే చెయ్యన్నా మండదు."

"ఇవాళే ఆట తీసేస్తా."

"తీసేసి మళ్లీ మమ్మల్ని మంటలో కూర్చోబెడతావా? ఆటలో ఊడినవాటికీ కూలి ఇమ్మని షావుకారుని అడుగు. నీ ఆట లేకపోతే ఆయనకి జరగదు."

షావుకారు నాగేంద్రబాబు కాటా దగ్గరే ఉన్నాడు. మహిమ వెళ్లి చెప్పింది. "ఊడిన కాయలన్నిటికీ వీళ్లకి కూలి ఇవ్వండి. లేకపోతే సాయంత్రానికి ఆట ఆపేస్తానండి."

ఆయన రాశి వంక చూశాడు, సరుకెత్తడానికి బయట ఆగిన లారీల వంక చూశాడు. "ఆపమాకమ్మాయ్, సీజన్లో ముంచుతావా ఏంది? ఇస్తాలే," అని, కోటేష్‌ని పిలిచి అన్నీ కలిపి కాటా పెట్టమన్నాడు.

అంతే, ఒక్క మాట. అది నోటికి రావడానికి మహిమకి సగం సీజను పట్టింది. వారం తర్వాత ఆడవాళ్లు కింద పరిచిన పట్టాల మీద కాళ్లు చాపుకుని, ఫోన్లు తీసి నవ్వుకుంటుంటే, ఆమెకి సిగ్గుతో కళ్లనిండా నీళ్లొచ్చాయి.

"ముందే అడగాల్సిందమ్మా. నేను స్కూటీ కొనుక్కుంటూ కూర్చున్నా."

ఎలీసమ్మ పట్టా మీంచి లేచి వచ్చింది. వారం రోజులుగా కాయ ముట్టని వేళ్లతో, మహిమ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కూతురి కళ్లు తుడిచింది.

మంట పుట్టలేదు. కాస్త మండినా బాగుండేదనిపించింది మహిమకి.